కల్యాణపురం నుంచి దొంగసీసా దాకా

యానాం: గౌతమీ గోదావరి ఒడ్డున సుమారు 30 చదరపు కిలోమీటర్ల యానాంకు పూర్వం ‘కల్యాణపురం’ అనే పేరుండేది. పేరు మంగళకరమే గాని, వెనుక కథ వేరు.

బాల్య వివాహాలను నిషేధించే శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న బ్రిటిషు ఇండియాలో అమలులోకి వచ్చింది. ఆడపిల్లకు 14, మగపిల్లవానికి 18 యేళ్లు నిండాలన్నది నిబంధన. యానాం ఫ్రెంచివారి యేలుబడిలో వున్నందున ఆ చట్టం ఇక్కడ చెల్లలేదు. ఇరుగుపొరుగు వూళ్లవారు చిన్నపిల్లలను తీసుకొచ్చి, ఇక్కడ మూడుముళ్లు వేయించి వెళ్లేవారు. పెద్దలు చట్టానికి చిక్కలేదు. చదువు లేక, ఈడురాని కాన్పులతో, బాల వైధవ్యంతో భారం మోసినది ఆడపిల్లలే.

1954లో ఫ్రెంచి పాలన పోయింది. యానాం నేడు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. పాలకులు మారినా హద్దు మిగిలింది, నేరం రూపు మార్చుకుంది. అటు, ఇటు పన్నులు వేరు కావడంతో మద్యం ధరలో తేడా వచ్చింది. ఆ తేడాయే దొంగరవాణాకు మూలం. 1995 నుంచి 1997 వరకు ఆంధ్రప్రదేశ్‌లో మద్యనిషేధం వున్న రోజుల్లో పొరుగు ప్రాంతాల సరుకు పెద్ద తలనొప్పి అయింది.

పనిలేని కుర్రవాడికి ఒక్క రాత్రిలో నాలుగు డబ్బులు ఆశగా కనిపిస్తాయి. పట్టుబడితే కేసు అతనిది, జప్తయ్యేది అతని బండి. సరుకు పంపినవాడు చాటునే వుంటాడు. కోర్టు వాయిదాలకు ఖర్చయ్యేది తల్లి పుస్తెలతాడు.

నేటి చట్టం ప్రకారం పెళ్లికి వధువుకు 18, వరునికి 21 యేళ్లు నిండాలి. బాల్య వివాహం జరుగుతున్నట్టు తెలిస్తే 1098కు ఫోను చేయవచ్చు. హద్దు దాటితే చట్టం తప్పించుకోవచ్చునేమో గాని, దాని ఫలితం ఇంటిదాకా వెంట వస్తుందని తల్లిదండ్రులు గ్రహించవలసి వుంది.