ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టములు

తెనాలి జంక్షనులో రైలుమార్గం చీలుతుంది. ఒక దారి బాపట్ల మీదుగా చెన్నై వైపు సాగగా, మరొకటి రేపల్లె చేరి ఆగుతుంది. ఏ బండి ఏ దారిన పోవలెనో నిర్ణయించేవి పట్టాల మధ్యనున్న పాయింట్లు. ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, లినక్స్ రెండూ ఉన్నప్పుడు ‘గ్రబ్’ అనే చిన్న ప్రోగ్రాము ఆ పాయింట్ల పనే చేస్తుంది. యంత్రం ప్రారంభం కాగానే ఏ సిస్టము కావలెనో అడిగి, ఆ దారిన పంపుతుంది.

ఈ ఏర్పాటు అవసరమేమని విద్యార్థి మిత్రులు ప్రశ్నించవచ్చును. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 నిబంధనలకు సరిపోని పాత ల్యాప్‌టాప్‌లు అనేకం. కొత్తది కొనే స్తోమత లేని ఇంట, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ పాత యంత్రానికి ఆయువు పోయగలదు. అది ఉచితంగా లభిస్తుంది. అందులో తెలుగు, ఉర్దూ రెండూ టైపు చేసుకొనవచ్చును. అయినను అలవాటైన విండోస్‌ను వదలలేక, రెండింటినీ ఉంచుకొనేవారు కలరు.

చిక్కులన్నీ ఆ రెండూ ఉమ్మడిగా వాడుకొనే వస్తువుల వద్దనే పుడతాయి. మొదటిది డిస్కు. లినక్స్‌కు చోటు కల్పించుటకు విండోస్ భాగాన్ని కుదించవలెను. ఆ పనిని విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే చేయుట క్షేమం. అంతకుముందే ప్రాజెక్టు పత్రాలు, ఛాయాచిత్రాలు వేరొక చోట భద్రపరచవలెను. బిట్‌లాకర్ అనే తాళం ఉన్నచో, దాని 48 అంకెల తాళపుచెవిని కాగితంపై వ్రాసి ఉంచుకొనవలెను.

రెండవది నిద్ర. విండోస్ 8 నుండి ‘ఫాస్ట్ స్టార్టప్’ వలన యంత్రాన్ని ఆపినను విండోస్ పూర్తిగా ఆగదు. సగం నిద్రలో ఉంటుంది. అప్పుడు లినక్స్ నుండి ఆ భాగంలో బలవంతంగా వ్రాస్తే ఫైళ్లు చెడవచ్చును. కనుక ఆ సౌకర్యాన్ని తొలగించుట మేలు.

మూడవది గడియారం. యంత్రంలోని గడియారాన్ని విండోస్ స్థానిక సమయంగా, లినక్స్ ప్రపంచ ప్రామాణిక సమయంగా భావిస్తాయి. అందుచేత లినక్స్ వాడి విండోస్‌లోకి మారితే గడియారం ఐదున్నర గంటలు వెనుకబడి కనిపించవచ్చును. స్థానిక సమయాన్నే పాటించమని లినక్స్‌కు చెబితే ఈ తేడా తొలగిపోతుంది.

నాల్గవది ఆ పాయింట్లే. 2024 ఆగస్టులో వచ్చిన విండోస్ భద్రతా నవీకరణ పాత బూట్ లోడర్లను నిషేధించింది. రెండు సిస్టములున్న యంత్రాలకు అది వర్తించదని మైక్రోసాఫ్ట్ తెలిపినను, అనేక యంత్రాలలో లినక్స్ ప్రారంభం కాలేదు. సరిదిద్దుటకు ‘సెక్యూర్ బూట్’ తనిఖీని తాత్కాలికంగా ఆపవలసి వచ్చింది. అలా ఆపినప్పుడు విండోస్ ఆ 48 అంకెలనే అడగవచ్చును. వ్రాసి ఉంచుకొనని వాని ఫైళ్లు తాళం వెనుకనే ఉండిపోవచ్చును.

కావున పెన్‌డ్రైవ్ నుండి లినక్స్‌ను నడిపి, వైఫై, శబ్దం, కీబోర్డు సక్రమంగా ఉన్నవని చూచిన తరువాతనే డిస్కుపై చేయి వేయవలెను. యంత్రం పోతే మరొకటి దొరకవచ్చును. ఏడాది పొడవునా శ్రమించి వ్రాసిన ప్రాజెక్టు తిరిగి దొరకదు.