బొమ్మల పుస్తకం: చిత్రకారుల శ్రమ, హక్కు

పిల్లల బొమ్మల పుస్తకానికి సాధారణంగా 32 పుటలుంటాయి. పెద్ద కాగితాన్ని 16 పుటలుగా మడిచే ముద్రణ పద్ధతే ఇందుకు కారణం. చిత్రకారులు ముందు అన్ని పుటలకూ చిన్న నమూనాలు గీసి, సంపాదకుల ఆమోదం పొందాకే రంగులు వేస్తారు. పాత్ర ముఖం మడతలో పడకూడదు. మన దేశంలో మరో చిక్కుంది: అవే బొమ్మలతో పుస్తకం పలు భాషల్లో వెలువడవచ్చు. కనుక అక్షరాలకు చోటు ధారాళంగా వదలాలి; బొమ్మలోని దుకాణం బోర్డుపై ఏ లిపీ రాయకపోవడమే మేలు.

అసలు జాగ్రత్త ఒప్పందం వద్ద అవసరం. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మకు కర్త చిత్రకారులే. అయితే ప్రతిఫలం తీసుకొని ఒకరి కోరికపై వేసిన వర్ణచిత్రానికి, వేరే ఒప్పందం లేకుంటే, తొలి హక్కుదారు వేయించినవారే అవుతారు. ఈ సంగతి చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు. హక్కులు పోయినా, కృతి తమదని చెప్పుకునే అధికారం 57వ సెక్షన్ కింద చిత్రకారులకు మిగులుతుంది. ముఖపత్రంపై పేరు ఎక్కడ వేయాలో మాత్రం ముందే రాయించుకోవాలి.