సెర్చ్ బాక్స్... ఎవరి దుకాణానికి దారి?

నారాయణపేట చీరను గుర్తుపట్టడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. ఒళ్లంతా గళ్లు, గుడి గోపురాల్లా లేచిన అంచు, కొంగు మీద ఎరుపూ తెలుపూ చారలు. శివాజీ సైన్యం ఇక్కడ విడిది చేసినప్పుడు వెంట వచ్చిన నేతగాళ్లలో కొందరు ఊళ్లోనే ఉండిపోయారనీ, ఆ మరాఠా ఛాయలు అందుకే వచ్చాయనీ చెప్పుకుంటారు. ఒకే పడుగు మీద వరసగా ఎనిమిది చీరలు నేయడం ఇక్కడి పద్ధతి. 2012లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. 2019లో ఊరు జిల్లా కేంద్రమైంది.

బజార్లో అయితే చీర కళ్లెదుట ఉంటుంది, పట్టుకుని చూస్తాం. మరి ఇంటర్నెట్‌లో? అక్కడ చీర దొరకాలంటే ముందు పేరు కొట్టాలి. అసలు కథంతా ఆ పేరు కొట్టే పెట్టె దగ్గరే ఉంది!

నేత కుటుంబంలో డిగ్రీ చదివిన కుర్రాడొకడు చీరలమ్మడానికి వెబ్‌సైటు పెట్టాడనుకుందాం. ఫొటోలు ఎక్కించాడు, ఫోన్ నంబరు ఇచ్చాడు. వందల చీరలున్నాయి కాబట్టి వెతుక్కునే వీలు కావాలి. కంప్యూటర్ పని తెలిసిన స్నేహితుణ్ని అడిగితే ఏమంటాడు? 'గూగుల్ సెర్చ్ బాక్స్ పెట్టుకో, పైసా ఖర్చు లేదు. పైగా డబ్బులు నీకే వస్తాయి' అంటాడు. వినడానికి బావుంది కదూ! అందులో అబద్ధం కూడా లేదు.

గూగుల్ 2003లో యాడ్‌సెన్స్ మొదలుపెట్టింది. సైటులో కాస్త చోటిస్తే ప్రకటనలు తెచ్చి పెడుతుంది, వచ్చినదాంట్లో వాటా ఇస్తుంది. అందులోదే ఈ సెర్చ్ బాక్స్ పథకం. సొంత సైటులో మాత్రమే వెతికేలా పెట్టె తయారుచేసుకునే సౌకర్యం 2006లో వచ్చింది. చేయాల్సిన పని చాలా తక్కువ. ఖాతా తెరిచి, వాళ్లిచ్చిన నాలుగు వరుసల కోడ్‌ను పేజీలో అతికిస్తే చాలు. ఎవరైనా ఏదైనా వెతికితే ఫలితాలతో పాటు ప్రకటనలూ వస్తాయి. వాటి మీద క్లిక్ పడితే ప్రకటనదారు డబ్బు కడతాడు. ఆ డబ్బులో సైటు యజమాని వాటా 51 శాతమని గూగుల్ 2010లో బయటపెట్టింది. మామూలు పేజీల్లో పక్కన కనిపించే ప్రకటనలకైతే అప్పట్లో 68 శాతం. వెతుకులాటకు ఎందుకు తక్కువంటే... ఇక్కడ పేజీ మనది, వెతికి పెట్టే యంత్రం వాళ్లది!

డబ్బు కూడా వెంటనే చేతికి రాదు. ఖాతాలో పది డాలర్లు చేరాక అంకెలున్న ఉత్తరం ఒకటి పోస్టులో ఇంటికొస్తుంది. ఆ అంకెలు కొడితేనే చిరునామా ఖరారవుతుంది. వంద డాలర్లు నిండాకే చెల్లింపు. చిన్న సైటుకు ఆ వంద నిండేసరికి ఎన్ని పండగలు గడుస్తాయో!

అసలు తిరకాసు వేరే ఉంది. పెట్టెను సొంత సైటుకే పరిమితం చేస్తే ఫలితాలు మన చీరలవే వస్తాయి. ప్రకటనలు మాత్రం మనవి కావు. 'నారాయణపేట చీర' అని కొట్టగానే ఆ మాటల కోసం వేలంలో పాడుకున్న వ్యాపారుల ప్రకటనలు పైన కూర్చుంటాయి. గూగుల్ ప్రకటన నాణ్యతనూ లెక్కేస్తుంది కానీ, ఆ గళ్ల చీరను చేతి మగ్గం మీద నేశారా, మరమగ్గం మీద దించారా అన్నది ఆ లెక్కలోకి రాదు. అంటే మన గుమ్మంలోకొచ్చి మన సరుకే అడిగిన మనిషికి, ముందుగా పరాయి దుకాణం బోర్డు కనిపిస్తుందన్నమాట!

లెక్క వేసుకుందాం. ఆ క్లిక్‌కు ప్రకటనదారు పది రూపాయలు కట్టాడనుకోండి. కుర్రాడికి వచ్చేది అయిదు రూపాయల పది పైసలు. పోయింది మూడు వేల చీర కొందామని వచ్చిన మనిషి. అదే ఆ సైటు చీరలు అమ్మేది కాకుండా నేత గురించి కబుర్లు చెప్పేదయితే? అప్పుడు నష్టం లేదు. చదివే వాళ్లొస్తారు, వెళతారు, పోతూ పోతూ నాలుగు రూపాయలు మిగులుస్తారు. పత్రికల సైట్లకూ, సమాచారం పంచే సైట్లకూ ఈ పెట్టె నప్పింది అందుకే. అమ్మకం మీద బతికే వాళ్లకే కాదు.

పేరు గొడవ ఇంకోటి. ఇంగ్లీషులో మన ఊరి పేరును మూడు నాలుగు రకాలుగా రాస్తారు. ఒకరు 'నారాయణ్‌పేట్' అని కొడితే, మరొకరు 'నారాయణపేట' అంటారు. తప్పొప్పులు సర్దుకుని వెతకడంలో గూగుల్ దిట్టే. మామూలు సైట్ల సొంత పెట్టెలకు ఆ తెలివి తక్కువ. తెలుగు లిపిలో వెతికే వాళ్లూ ఉంటారు. తెలుగు పేజీలకు యాడ్‌సెన్స్ తలుపులు తెరిచింది మాత్రం 2018లోనే. అంతకు నాలుగేళ్ల ముందే హిందీకి ఆ అవకాశం దక్కింది.

ఈ పెట్టె పంచాయితీ మనకే పరిమితం కాదు. పెద్ద పెద్ద సైట్ల సెర్చ్ పేజీల్లో పోటీ కంపెనీల ప్రకటనలకు చోటు లేకుండా ఒప్పందాలు రాయించుకుందంటూ, 2019 మార్చిలో ఐరోపా కమిషన్ గూగుల్‌కు 149 కోట్ల యూరోల జరిమానా వేసింది. 2024 సెప్టెంబరులో అక్కడి జనరల్ కోర్టు ఆ తీర్మానాన్ని కొట్టేసింది. ఆ గొడవ పెద్దవాళ్లది. అయినా అంత డబ్బు చేతులు మారేది వెతుకుడు పెట్టె చుట్టూనే అని దాంతో తెలిసొచ్చింది.

మరి కుర్రాడేం చేయాలి? దుకాణం సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ప్రకటనల్లేని సొంత సెర్చ్ ఉంటుంది. అది మొద్దుదే కావచ్చు. ప్రతి చీర కింద ఊరి పేరును రెండు మూడు స్పెల్లింగుల్లోనూ, తెలుగులోనూ రాసి పెడితే చాలావరకు పనైపోతుంది. ఇంకో లాభం... అమ్ముడుపోయిన చీరను అప్పటికప్పుడే తీసేయొచ్చు. గూగుల్ పెట్టెలో అయితే వాళ్ల యంత్రం మళ్లీ వచ్చి చూసేదాకా పాత చీరే కనిపించవచ్చు, కొత్తది కనిపించకపోవచ్చు.

కాదు, గూగుల్ పెట్టే కావాలంటారా? పోటీ సైట్ల ప్రకటనలు రాకుండా కొన్నింటిని ఆపుకునే వీలు యాడ్‌సెన్స్‌లో ఉంది. పెట్టిన మొదటి రోజే కొనేవాళ్లలాగా మీ సరుకు పేరు, ఊరి పేరు కొట్టి పైన ఎవరు కూర్చున్నారో చూడండి. చూడటం వరకే సుమా! సొంత సైటులోని ప్రకటన మీద మనమే క్లిక్ చేయడం నిబంధనలకు విరుద్ధం, ఖాతాకే ఎసరొస్తుంది.