గీదం నుంచి రెండు అడవులు: చిత్రకారుడికి ఏ దారి?

గీదం: జగ్దల్‌పూర్, బీజాపూర్, దంతెవాడ రహదారులు కలిసే గీదం నుంచి ప్రకృతి దృశ్యాలు చిత్రించదలచినవారు ఎటు నడవాలి? పడమటనున్న ఇంద్రావతి జాతీయోద్యానం 1983 నుంచి పులుల అభయారణ్యం. అక్కడ యథేచ్ఛగా కాలినడక సాగదు. తూర్పున కాంగేర్ లోయ జాతీయోద్యానం 1982లో ఏర్పడింది. విస్తీర్ణం 200 చదరపు కిలోమీటర్లు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇక్కడా అనుమతి తప్పనిసరి.

అసలు చిక్కు కాలానిది. వానల్లో తీరథ్‌గఢ్ జలపాతం నిండుగా దూకుతుంది. కానీ గాలిలోని తేమకు కాగితం ఆరదు. తడి పూతపై మరో పూత వేస్తే నీటిరంగులు కలగలిసిపోతాయి. వేసవిలో కాగితం చిటికెలో ఆరుతుంది, ధార మాత్రం సన్నబడుతుంది. అందుకే వానలు వెనుదిరిగిన తొలి వారాలే అనువైనవి. వానాకాలంలో మూసివేసే కోటుంసర్ గుహ అప్పటికి తెరుచుకోకపోవచ్చు. అయినా ఆ చీకట్లో కుంచెకు పనేముంది!