ఇల్లు అద్దెకిస్తే గృహ రుణం మార్చుకోవాలా?

బ్యాంకుకు తెలపకుండా టు-లెట్ బోర్డు కడితే చిక్కులు.. పన్ను లెక్కలూ మారతాయి

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్: బ్యాంకు రుణంతో సొంతిల్లు కొనుక్కున్నవారు కొన్నేళ్లకే ఆ ఇంటికి టు-లెట్ బోర్డు తగిలించవలసి రావడం నగర తూర్పు ప్రాంతంలో అరుదేమీ కాదు. మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఉద్యోగం వచ్చినవారు ఈ చివరి నుంచి ఆ చివరికి రోజూ తిరగలేక అక్కడ అద్దెకు దిగుతారు. ఇక్కడి ఫ్లాటును మరొకరికి ఇస్తారు. అమెరికా వెళ్లిన పిల్లల పేరిట ఉన్న ఇళ్ల సంగతీ ఇదే. అద్దెకు వచ్చేవారికి కొదవ లేదు. కోచింగ్ కేంద్రాలకు, హాస్టళ్లకు పేరుపడిన దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి ప్రాంతాలకు ఆ గిరాకీ పాతదే. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ వరకు మెట్రో రైలు మొదలవడంతో విజయవాడ రహదారి వైపు కాలనీలకూ రాకపోకల సౌలభ్యం కలిగింది.

అయితే నివాసానికని తీసుకున్న రుణంతోనే ఆ ఇంటిని అద్దెకు ఇవ్వవచ్చునా, లేక రుణాన్ని వేరే రకానికి మార్చుకోవాలా అన్న సందేహం చాలామందిని వేధిస్తుంటుంది.

ఇక్కడ వేరే రుణం లేదు

ఈ సందేహానికి విదేశాల్లోని మన వారి అనుభవం కూడా కొంత కారణం. బ్రిటన్‌లో సొంత నివాసానికి ఇచ్చే రుణం వేరు, అద్దెకు ఇచ్చే ఇంటికి ఇచ్చే ‘బై టు లెట్’ రుణం వేరు. రెండో రకం అక్కడ 1996 నుంచి వ్యాప్తిలోకి వచ్చింది. నివాస రుణం ఉన్న ఇంటిని అద్దెకు ఇవ్వదలచినవారు రుణదాత అనుమతి తీసుకోవాలి, లేదా రుణాన్నే మార్చుకోవాలి.

మన దేశంలో అటువంటి విభజన లేదు. గృహ రుణం గృహ రుణమే. యజమాని ఉన్నా, అద్దెకు ఇచ్చినా వాయిదా మారదు, కేవలం అద్దెకు ఇచ్చిన కారణంగా రుణం పేరూ మారదు. భారతీయ రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం మూడో ఇంటి నుంచి మాత్రం బ్యాంకులు ఆ రుణాన్ని వాణిజ్య స్థిరాస్తి రుణంగా పరిగణించవచ్చు. అన్ని ఇళ్లు ఉన్నప్పుడు అద్దె సొమ్ముతోనే వాయిదాలు కడతారన్నది అందులోని తర్కం. ఒకటి రెండు ఇళ్లున్న సామాన్యునికి ఆ బెడద లేదు.

అలాగని బ్యాంకుకు చెప్పనక్కరలేదని అనుకోరాదు. చాలా రుణ ఒప్పందాల్లో, రుణదాత రాతపూర్వక సమ్మతి లేకుండా ఇంటిని అద్దెకు గానీ లీజుకు గానీ ఇవ్వరాదన్న షరతు ఉంటుంది. సంతకాలు పెట్టే హడావుడిలో ఆ పేజీని చదివేవారు తక్కువ. రుణ ఖాతా సంఖ్య, కిరాయిదారు వివరాలు, అద్దె గడువు పేర్కొంటూ శాఖకు దరఖాస్తు ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోవడం శ్రమతో కూడిన పని కాదు. సమ్మతి పత్రం చేతికి వచ్చిన తర్వాతే అద్దె ఒప్పందం రాసుకోవడం క్షేమం.

మూడేళ్ల పరిమితి

ఒప్పందంలో ఆ షరతు లేకపోయినా చట్టం ఉన్నది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 65ఎ సెక్షను, తాకట్టులో ఉన్న ఆస్తిని లీజుకు ఇచ్చే అధికారం యజమానికి ఇస్తూనే హద్దులు గీసింది. భవనమైతే గడువు మూడేళ్లకు మించరాదు. న్యాయంగా రాగల అద్దె ఉండాలి. ప్రీమియం పేరిట సొమ్ము తీసుకోరాదు, అద్దెను ముందుగా వసూలు చేయరాదు. నెలనెలా అద్దెకు బదులు లక్షల రూపాయలు ఒకేసారి పుచ్చుకొని ఇంటిని ‘లీజు’కు అప్పగించే పద్ధతి తాకట్టు ఇళ్ల విషయంలో ఎంత ప్రమాదమో దీన్నిబట్టి గ్రహించవచ్చు. ఆ ప్రమాదం యజమాని కంటే కిరాయిదారుకే ఎక్కువ.

వాయిదాలు 90 రోజులకు పైగా బకాయి పడితే ఖాతా నిరర్థక ఆస్తిగా మారుతుంది. ఆపై 2002 నాటి సర్ఫేసీ చట్టం 13(2) సెక్షను కింద 60 రోజుల గడువుతో నోటీసు వస్తుంది. నోటీసు అందిన తర్వాత బ్యాంకు సమ్మతి లేకుండా ఆ ఇంటిని ఎవరికీ లీజుకు ఇవ్వడానికి వీల్లేదు. అప్పటికే ఉంటున్నవారి మాటేమిటి? తాకట్టుకు ముందు గానీ, 65ఎ షరతులకు లోబడి నోటీసుకు ముందు గానీ కుదిరిన చెల్లుబాటయ్యే లీజు ఉంటే, ఆ గడువు తీరేవరకు కిరాయిదారుకు రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు 2014లో హర్షద్ గోవర్ధన్ సొండాగర్ కేసులో తేల్చింది. 2016లో చట్టాన్ని సవరించి, కిరాయిదారు రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించే వీలు కల్పించారు. అయితే కాగితం లేని నోటి మాట ఒప్పందంతో అక్కడ నెగ్గుకు రావడం కష్టం. సక్రమంగా నెలనెలా అద్దె చెల్లించినవారు కూడా తలుపు మీద నోటీసు చూసేదాకా ఇల్లు తాకట్టులో ఉన్నదని తెలియక మోసపోరాదు. ఒప్పందానికి ముందే ఆ మాట అడగాలి, యజమాని కూడా దాచరాదు.

సాధారణంగా రాసుకునే 11 నెలల ఒప్పందం మూడేళ్ల హద్దులోనే ఉంటుంది. ఏడాదికి మించిన గడువైతే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషను తప్పనిసరి. ఇంటిని మొత్తంగా హాస్టలు నిర్వాహకులకు అప్పగించడం కుటుంబానికి అద్దెకు ఇవ్వడం వంటిది కాదు. వినియోగం వాణిజ్యంగా మారితే ఆస్తి పన్ను, విద్యుత్ కేటగిరీలతో పాటు బ్యాంకు వైఖరీ మారవచ్చు.

అసలు మార్పు పన్నులో

రుణం మారకపోయినా ఆదాయపు పన్ను లెక్క మాత్రం పూర్తిగా మారుతుంది. సొంతంగా ఉంటున్న ఇంటి రుణ వడ్డీకి పాత విధానంలో ఏడాదికి రూ.2 లక్షల వరకు మినహాయింపు ఉంటుంది. కొత్త విధానంలో అసలు లేదు. అద్దెకు ఇచ్చిన ఇంటికి మాత్రం రెండు విధానాల్లోనూ ఆ ఏటి వడ్డీ మొత్తాన్నీ అద్దె ఆదాయం నుంచి తీసివేయవచ్చు.

ఉదాహరణకు కొత్తపేటలో ఒక ఫ్లాటుకు నెలకు రూ.18 వేల అద్దె వస్తున్నదనుకుందాం. ఏడాదికి రూ.2,16,000. యజమాని కట్టిన ఆస్తి పన్ను రూ.6 వేలు పోగా రూ.2,10,000 మిగులుతుంది. మరమ్మతులకు ఖర్చు చేసినా చేయకపోయినా అందులో 30 శాతం, అంటే రూ.63 వేలు తీసివేస్తారు. మిగిలేది రూ.1,47,000. ఆ ఏడాది కట్టిన వడ్డీ రూ.3,80,000 అయితే, లెక్కలో రూ.2,33,000 నష్టం తేలుతుంది. పాత విధానంలో ఇందులో రూ.2 లక్షలను జీతం వంటి ఇతర ఆదాయంతో సర్దుకోవచ్చు. తక్కిన రూ.33 వేలను ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకువెళ్లి ఇంటి ఆదాయంలోనే సర్దుకోవాలి. కొత్త విధానంలో అద్దెపై పన్ను పడదు గానీ ఆ నష్టం జీతంతో సర్దుబాటు కాదు, ముందుకూ సాగదు. 2023-24 నుంచి కోరకపోయినా కొత్త విధానమే వర్తిస్తున్నది గనుక, పాత విధానం లాభమనుకునేవారు రిటర్నులో దాన్ని ప్రత్యేకంగా ఎంచుకోవాలి. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా 2025లో వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారాయే తప్ప ఈ లెక్క మారలేదు.

పాత విధానంలో అసలు చెల్లింపులపై పొందే మినహాయింపును, ఇంటిని స్వాధీనం చేసుకున్న ఐదేళ్లలోపు అమ్మితే వెనక్కు తీసుకుంటారు. అద్దెకు ఇవ్వడం అమ్మకం కాదు కనుక దిగులు అక్కరలేదు.

వడ్డీ భారమైతే

అద్దె వాయిదాకు చాలనప్పుడు మార్చుకోదగినది రుణం రకం కాదు, వడ్డీ రేటు. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇచ్చిన చర వడ్డీ గృహ రుణాలు రెపో వంటి బయటి ప్రామాణికానికి ముడిపడి ఉన్నాయి. 2025 ఫిబ్రవరి, డిసెంబరు మధ్య రెపో 6.50 నుంచి 5.25 శాతానికి తగ్గింది. అంతకు ముందరి పాత పద్ధతి రుణాల్లో ఉన్నవారికి ఆ తగ్గింపు వెంటనే అందదు. స్వల్ప రుసుముతో అదే బ్యాంకులో కొత్త పద్ధతికి మారవచ్చు, లేదా మరో బ్యాంకుకు బదిలీ చేసుకోవచ్చు. వ్యక్తుల చర వడ్డీ గృహ రుణాలపై ముందస్తు చెల్లింపు జరిమానాను రిజర్వు బ్యాంకు 2012లోనే నిషేధించింది. కొత్త బ్యాంకు ప్రాసెసింగ్ రుసుము, పత్రాల డిపాజిట్ రిజిస్ట్రేషను ఖర్చు మాత్రం లెక్క చూసుకోవాలి. బదిలీ దరఖాస్తులో ఇల్లు అద్దెకు ఇచ్చినట్లు ఉన్నదున్నట్లు రాస్తే సమ్మతి కోసం మళ్లీ తిరగనక్కరలేదు.

యజమాని విదేశాల్లో ఉంటే

ప్రవాస భారతీయుని ఇంట్లో అద్దెకు ఉండేవారికి ఒక బాధ్యత ఉన్నది, చాలామందికి అది తెలియదు. అద్దె ఎంత తక్కువైనా సరే, చెల్లించేటప్పుడే సెస్సుతో కలిపి 31.2 శాతం పన్ను కోసి ప్రభుత్వానికి జమ చేయాలి. చేయకపోతే ఆ సొమ్మును వడ్డీతో సహా కిరాయిదారు నుంచి రాబట్టే అధికారం ఆదాయపు పన్ను శాఖకు ఉన్నది. వడ్డీ మినహాయింపుల వల్ల తనకు అంత పన్ను పడదనుకునే యజమాని, తక్కువ కోతకు ధ్రువపత్రం ఇవ్వవలసిందిగా ముందే ఆ శాఖకు దరఖాస్తు చేసుకోవచ్చు, లేదా ఏడాది చివర రిటర్ను దాఖలు చేసి వాపసు కోరవచ్చు.