బంగారం గాజును ఎందుకు పట్టుకోదు

శుభ్రంగా కడిగిన గాజు పలక మీద, వాక్యూమ్ ఛాంబర్‌లో ఆవిరి చేసిన బంగారాన్ని పూతగా పట్టించారనుకోండి. బయటికి తీస్తే అద్దంలా మెరుస్తుంది. దాని మీద సెల్లోటేపు ముక్క అంటించి లాగితే మాత్రం పూత టేపుతో పాటే లేచి వచ్చేస్తుంది. అదే పద్ధతిలో వేసిన అల్యూమినియం గాజును వదలదు.

తేడా ఆక్సిజన్ దగ్గర ఉంది. గాజు పైభాగమంతా సిలికాన్, ఆక్సిజన్ పరమాణువుల అల్లికే. అల్యూమినియానికి ఆక్సిజన్ అంటే మహా ఇష్టం. గాజు మీద వాలగానే అక్కడి ఆక్సిజన్‌తో గట్టి రసాయన బంధం వేసుకుంటుంది. బంగారానికి ఆ ఆసక్తి లేదు. వందల ఏళ్లు మట్టిలో ఉన్న నగ తుప్పు పట్టకుండా బయటపడేది ఈ గుణం వల్లనే. గాజు మీద నిలవనిదీ ఈ గుణం వల్లనే. పైగా బంగారు పరమాణువులు గాజు కంటే ఒకదాన్నొకటి ఎక్కువ కోరుకుంటాయి. అందుకే పూత మొదట్లో పరుచుకోదు, తామరాకు మీది నీటిబొట్లలా ముద్దలు కడుతుంది.

దీనికి ప్రయోగశాలల్లో చేసే పని నాకు ఎంతో నచ్చుతుంది. ముందుగా 5 నానోమీటర్ల క్రోమియమో టైటానియమో వేసి, దాని మీద బంగారం వేస్తారు. క్రోమియం కిందనున్న గాజు ఆక్సిజన్‌నూ పట్టుకుంటుంది, పైనున్న బంగారంతో లోహానికి లోహంగానూ కలుస్తుంది. అయితే రెండు పూతల మధ్య ఛాంబర్ తలుపు తెరవకూడదు. గాలి తగిలితే క్రోమియం పైభాగం ఆక్సైడ్‌గా మారిపోతుంది. అప్పుడు బంగారానికి ఎదురయ్యేది మళ్లీ గాజులాంటి ఉపరితలమే.

గాజు మీద వేలిముద్ర జిడ్డు ఉన్నా ఇంతే: లోహం అతుక్కునేది జిడ్డుకు, గాజుకు కాదు.

మందంగా వేస్తే గట్టిగా ఉంటుందనుకోవడం కూడా పొరపాటు. పూతలో ఏర్పడే బిగువు, మందంతో పాటు శక్తిగా పోగవుతుంది. ఒక హద్దు దాటాక ఎవరూ ముట్టుకోకుండానే పూత పగిలి లేస్తుంది.

నిజానికి పలుచని పూతే చాలు. కాలిఫోర్నియాలోని పాలొమార్ టెలిస్కోపు అద్దం వ్యాసం 200 అంగుళాలు, బరువు 13 టన్నులు. 100 నానోమీటర్ల మందంతో దాన్ని కప్పడానికి లెక్క కడితే సుమారు 5 గ్రాముల అల్యూమినియం చాలు. నక్షత్రాల వెలుగును వెనక్కి తిప్పేది ఆ 5 గ్రాములే. అది మసకబారినప్పుడు రసాయనాలతో కరిగించి తీసేసి, గాజును మళ్లీ కడిగి, కొత్త పూత వేస్తారు.