గ్యాసే కదా అనుకుంటే...

యానాం నుంచి పుదుచ్చేరి వచ్చిన మా పెద్దమ్మకు తమిళం ముక్క రాదు. అయినా గోరిమేడు జిప్మర్ ఆసుపత్రి ఓపీ వరుసలో పక్కనున్న తమిళావిడతో అరగంట కబుర్లాడింది. ఇద్దరికీ అర్థమైన మాట ఒక్కటే: గ్యాస్. ఈవిడ పొట్ట మీద చెయ్యేసి ఆ మాట అంటే, ఆవిడా తన పొట్ట చూపించి అదే అంది. 800 కిలోమీటర్లకు పైగా ఎడమున్న రెండు ఊళ్ల మధ్య దుబాసీ అవసరం లేకపోయింది.

చిక్కంతా ఆ మాటతోనే. గ్యాస్ అన్నాక ఇంకేం అడుగుతారు? ఇంట్లో వాము నీళ్లు, మందుల షాపులో పరగడుపు మాత్ర. పెద్దమ్మ ఏడు నెలలు అలాగే నెట్టుకొచ్చింది. లంగా బొందు ముడి బెత్తెడు ఇవతలికి వచ్చింది. సాయంత్రానికి నడుం చుట్టూ ఎర్రటి గాడి. ఒళ్లొచ్చిందేమోలే అని సరిపెట్టుకుంది.

డాక్టరమ్మ మొదట అడిగింది తిండి గురించి కాదు. "నెలలో ఎన్ని రోజులుంటుందమ్మా?" పెద్దమ్మ తెల్లమొహం వేసింది. ఎవరు లెక్కపెట్టారు గనక!

ఆ ప్రశ్న వెనక పెద్ద కథే ఉంది. ఉబ్బరం, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, పొత్తికడుపు నొప్పి... వీటిలో ఏదైనా ఏడాదిలోపు మొదలై, నెలకు 12 రోజులు మించి వస్తుంటే అండాశయ క్యాన్సర్ ఉందేమో చూడాలని 2007లో అమెరికా వైద్యురాలు బార్బరా గాఫ్ బృందం చెప్పింది. 50 దాటిన ఆడవాళ్లలో పేగుల చికాకు, అదే ఐబీఎస్ లాంటి లక్షణాలు కొత్తగా కనిపిస్తే సీఏ-125 రక్తపరీక్ష చేయించమని 2011లో బ్రిటన్ మార్గదర్శకాలు వచ్చాయి. ఆ వయసులో ఐబీఎస్ కొత్తగా మొదలవడం అరుదు మరి.

మన దేశంలో ఇంకో మెలిక ఉంది. కడుపులో క్షయ వచ్చినా నీరు చేరి పొట్ట ఉబ్బుతుంది, బరువు తగ్గుతుంది, ఆ సీఏ-125 కూడా పెరుగుతుంది. స్కానింగులో అచ్చం క్యాన్సర్‌లాగే కనబడి కంగారు పెడుతుంది. నీరో, ముక్కో తీసి పరీక్షిస్తే తప్ప తేలదు. క్షయేనని తేలితే నెలల తరబడి మాత్రలతో నయమవుతుంది. అందుకే రిపోర్టులో ఒక్క అంకె చూసి ఏడుపులు మొదలెట్టకూడదు.

అసలు ఎక్కువమందిలో కారణం ఇంత భయంకరమైనది కాదు. మలబద్ధకం, రక్తం పట్టడానికి వేసుకునే ఐరన్ మాత్రలు, మందగించిన థైరాయిడ్, పడని పాలు. నెలసరికి ముందు ప్రొజెస్టెరాన్ హార్మోన్ పేగుల కదలికను నెమ్మదింపజేస్తుంది. ముట్టు రాగానే తగ్గిపోయే ఉబ్బరం ఆ బాపతే. ముట్టు రోజుల్లో విరేచనానికి వెళ్లేటప్పుడు ప్రాణం పోయేంత నొప్పి వస్తే మాత్రం ఎండోమెట్రియోసిస్ అనే జబ్బేమోనని డాక్టర్ని అడగాలి. షుగరని రాత్రి అన్నం మాని చపాతీలకు మారాక పొట్ట బిగుస్తోందనేవాళ్లను నేను చాలామందిని చూశాను. గోధుమ కొందరికి నిజంగానే పడదు. మలంలో రక్తం, బరువు తగ్గడం, అర్ధరాత్రి లేపే విరేచనాలు ఉంటే చిట్కాలతో కాలక్షేపం చేయకండి.

పెద్దమ్మకు స్కానింగూ, రక్తపరీక్షలూ శుభ్రంగా వచ్చాయి. ఉబ్బరం వచ్చిన రోజులు రాసుకుని మళ్లీ రమ్మన్నారు. వంటింటి క్యాలెండర్‌లో పాల లెక్క పక్కనే ఎర్ర పెన్నుతో చుక్కలు పెట్టింది. 31 రోజుల నెలలో 19 చుక్కలు. రెండోసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ ఆ కాగితమూ, యానాం నుంచి తెచ్చిన పాత మందుల చీటీలూ పక్కపక్కన పరిచింది. సరిగ్గా ఉబ్బరం మొదలైనప్పుడే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ మోతాదు రెట్టింపయింది. పొట్టలో నెమ్మదిగా కరిగే రకానికి మార్చారు.

మొన్న యానాం వెళ్తే క్యాలెండర్ చూశాను. ఈ నెలలో చుక్కలు మూడే. పాలవాడు రాని రోజులు మాత్రం అయిదు.